సైకిలు సవారియు సగటు వేగమును



తెల్లవారుజామున మన పట్టణముల వీథులలో సైకిళ్లపై పోవు స్త్రీలు నేడు వింత కారు. కళాశాలకు పోవు కన్యలు మొదలుకొని మనుమల నెత్తిన యవ్వల వఱకు ఈ వాహనము నెక్కుచున్నారు. సంతోషింపదగిన విషయమే. అయినను దీని వెంట ఒక అంకె కూడ మన యిండ్లలో ప్రవేశించినది. సవారి ముగియగానే సెల్‌ఫోను తెరపై "సగటు వేగము గంటకు ఇన్ని కిలోమీటర్లు" అని కనబడును. దానిని స్నేహితురాండ్రకు పంపుదురు. వారు తమ యంకెను పంపుదురు. పెద్ద యంకె గలది నేర్పరి, చిన్న యంకె గలది చేతకానిది యని క్షణములో తీర్పు జరిగిపోవును. ఆ తీర్పు ఎంతవఱకు న్యాయమైనదో విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఇంత చిన్న సంగతికి విచారణ యేల యని కొంద ఱనవచ్చును. మా వీథిలో ఒక గృహిణి కలరు. వయస్సు నలువది దాటినది. రక్తములో చక్కెర హెచ్చుగా నున్నదని వైద్యులు చెప్పగా, ఆమె సిగ్గు విడిచి సైకిలు నేర్చుకొని, మూడు నెలలు క్రమము తప్పక ఉదయమున ముప్పావుగంట సేపు తొక్కినది. ఆమె సగటు గంటకు 13 కిలోమీటర్లు. ఆమెకు తెలిసిన వారి సగటు 22. "నడచి పోయినను ఇంతకన్న ముందే వత్తువు గదా" యని ఎవరో పరిహాస మాడిరి. అంతటితో సైకిలు వసారాలో గోడకు చేరినది. ఇప్పుడు దానిపై తడిబట్ట లారవేయుచున్నారు. పరిహాసము మాట యటుంచుడు. మనుష్యుడు నడచునది గంటకు ఐదు కిలోమీటర్లు మాత్రమే యని కూడ ఆమెకు తోచలేదు. ఒక యంకె ఒక స్త్రీ యారోగ్యమునకు అడ్డుపడగలిగినప్పుడు, ఆ యంకె యెట్టిదో తెలిసికొనుట మనకు పనియే.

దూరమును కాలముచే భాగించిన వచ్చునది సగటు వేగము. ఇంతకంటె సులభమైన లెక్క లేదు. ఇంతకంటె మోసపుచ్చునదియు లేదు. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డున పోవు బాట మీలో పెక్కుమంది యెఱిగినదే. సుమారు 30 కిలోమీటర్లుండును. ఆ బాట ఈశాన్యముగా పోవును. వేసవిలో నైరృతి గాలి వీచు దినములలో పోవునపుడు గాలి వీపున నుండి నెట్టును, తిరిగి వచ్చునపుడు రొమ్మున కొట్టును. మా మేనకోడ లొకతె అచ్చట చదువుకొనుచు ఆదివారములందు ఈ బాటపై సవారి చేయును. పోవునపుడు గంటకు 30 చొప్పున పోయి, వచ్చునపుడు 15 చొప్పున వచ్చిన దనుకొందము. సగటు ఎంత? మా యింటివారు పాఠశాలలో గణితము చెప్పుదురు. తరగతిలో ఈ ప్రశ్న వేసినచో ముప్పదియు పదునైదును కూడి రెండుచే భాగించి "ఇరువదిరెండున్నర" యని పిల్లలు గట్టిగా కేక వేయుదురట. తప్పు. పోవుటకు ఒక గంట, వచ్చుటకు రెండు గంటలు. మొత్తము 60 కిలోమీటర్లు మూడు గంటలు. సగటు 20 మాత్రమే.

నా చిన్నతనమున మా నాయనగారు నాకు లీలావతీగణితము చెప్పిరి. భాస్కరాచార్యులవారు 1150వ సంవత్సరమున రచించిన యా గ్రంథమున లెక్కలు కొన్ని యొక బాలికను పిలిచి యడిగినట్లే యుండును. అందు త్రైరాశికము తరువాత వ్యస్తత్రైరాశికమని యొకటి కలదు. ఒకటి హెచ్చినకొలది మఱియొకటి తగ్గునట్టి వానికి చెప్పిన సూత్రమది. వేగమునకును కాలమునకును గల బంధుత్వ మదియే. ఎదురుగాలి దోచుకొన్న దానిని వెనుకగాలి తిరిగి యీయజాలదు; ఏలయన ఎదురుగాలిలో మనముండు కాలమే యెక్కువ. గాలి లేని నాడు మా మేనకోడలు అదే శ్రమతో తొక్కిన సగటు సుమారు 22 వచ్చును. ఆమె మారలేదు, సైకిలు మారలేదు, బాట మారలేదు. గాలి యొక్కటి మారినంతనే ఆమె "నేర్పు" గంటకు రెండు కిలోమీటర్లు తఱిగినది!

కొండల సంగతి ఇంతకంటె విపరీతము. విశాఖపట్టణమునుండి అరకులోయకు సైకిళ్లపై పోవు సాహసవంతు లున్నారు. ఆ లోయ సముద్రమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. అఱువది కిలోల మనిషి పదునైదు కిలోల సైకిలుతో అచ్చటికి చేరుట యనగా, పదునైదు లీటర్ల నీటిబిందెలు ఐదింటిని 900 మీటర్లు పైకి మోసినట్లు. ఆ ఘాటురోడ్డున గంటకు 8 కిలోమీటర్ల సగటు వచ్చినను అది గొప్ప పని. అదే మనిషి మఱునాడు ఆ రోడ్డుననే దిగుచు ఏమియు తొక్కకయే 30 చూపగలదు. అంకెను బట్టి తీర్పు చెప్పువారు రెండవనాటి సవారినే మెచ్చుకొందురు.

గాలిని గుఱించి ఇంకొక మాట చెప్పవలయును. సమమైన నేలపై మెల్లగా పోవునపుడు గాలి యడ్డును మనము గుర్తింపము. వేగము రెట్టింపైనచో గాలి యడ్డు నాలుగు రెట్లగును. ఆ యడ్డును త్రోసికొని పోవుటకు కావలసిన శక్తి యెనిమిది రెట్లగును. కావున గంటకు 15 నుండి 16కు పెంచుటకు పట్టు అదనపు శ్రమకంటె 30 నుండి 31కి పెంచుటకు పట్టునది పెక్కు రెట్లు ఎక్కువ. కొత్తగా నేర్చినవారి యంకె మొదట త్వరత్వరగా పెరిగి, పిదప నిలిచిపోవుటకు ఇది యొక కారణము. వారి యభ్యాసము నిలిచిపోయినదని కాదు. ఒక్కొక్క కిలోమీటరు ధర పెరిగినది. మఱియు ముందొకరు పోవుచుండగా వారి వెనుక చాటున తొక్కువారికి శ్రమ మూడవ వంతు వఱకు తగ్గును. భర్త వెనుకనో, స్నేహితురాలి వెనుకనో పోయినవారి 25, ఒంటరిగా పోయినవారి 22కంటె తక్కువ పని కావచ్చును.

ఇంత చెప్పి సగటు వేగము పనికిమాలిన దని తీర్మానించిన అన్యాయ మగును. అది సత్యమే పలికిన స్థలములు కలవు. వానిలో ముఖ్యమైనది ఇంగ్లాండు దేశపు "టైము ట్రయలు" పందెము. అందు పోటీదారులు గుంపుగా బయలుదేరరు. నిమిషమున కొకరు చొప్పున విడిచిపెట్టుదురు. ఒకరి చాటున ఒకరు పోరాదు. ఇరువదియైదు మైళ్లో, నూఱు మైళ్లో నిర్ణయించి ఎవరి కెంత కాలము పట్టెనో చూతురు. లేదా పండ్రెండు గంటలు నిర్ణయించి ఎవ రెంత దూరము పోయిరో చూతురు. రెండును ఒకటే, సగటు వేగమే. అందఱిది ఒకే దినము, ఒకే బాట, ఇంచుమించు ఒకే గాలి. ఇట్టి పందెములలో వచ్చిన సగటులను కూర్చి సంవత్సరమున కొకరిని ఆ దేశపు సర్వోత్తములుగా నిర్ణయించు పోటీయు కలదు. అందు స్త్రీల విభాగమున 1959 నుండి 1983 వఱకు, ఇరువదియైదు సంవత్సరములు వరుసగా ఒక్క స్త్రీయే గెలిచినది. ఆమె పేరు బెరిల్ బర్టన్.

ఈమె చరిత్ర మన పాఠకురాండ్రు తప్పక తెలిసికొనదగినది. 1937లో లీడ్సు నగరమున జన్మించినది. పదునొకండేండ్ల ప్రాయమున కీళ్లజ్వరము సోకి చిరకాలము ఆసుపత్రి పాలైనది. శరీరమునకు ఎక్కువ శ్రమ తగదని వైద్యులు చెప్పిరి. భర్త చార్లీ బర్టనే ఆమెను సైకిలు తొక్కుటకు ప్రోత్సహించెను. 1956లో కుమార్తె కలిగినది. సంసారము జరుగుటకు యార్కుషైరులో రూబార్బు అను పుల్లని కాడల పంట పండించు తోటలో కూలిపని చేసినది. త్రవ్వుట, మోయుట, శీతకాలపు మంచులో వంగి పని చేయుట, ఇవియే ఆమె వ్యాయామశాల. ప్రపంచ విజేతగా ఏడు మాఱులు నిలిచినది. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల సైకిలు పందెము 1984 వఱకు లేనే లేదు గనుక, ఆ గౌరవ మొక్కటి ఆమెకు అందలేదు.

1967వ సంవత్సరము సెప్టెంబరు నెలలో యార్కుషైరున పండ్రెండు గంటల పందెము జరిగినది. పురుషులు నిమిషమున కొకరు చొప్పున బయలుదేరిరి. అందఱిలో చివర బయలుదేరినవాడు మైక్ మెక్‌నమారా యను ప్రసిద్ధుడు. అతని తరువాత రెండు నిమిషముల యెడము విడిచి బెరిల్ బర్టన్ బయలుదేరినది. స్త్రీల లెక్క వేఱు, పురుషుల లెక్క వేఱు. ఒకరితో నొకరికి పోటీ యని ఎవరును తలంపలేదు. గంటలు గడచినకొలది ఆమె ఒక్కొక్క పురుషుని దాటుచు వచ్చినది. రెండువందల మైళ్లు దాటిన తరువాత ముందు మిగిలినది మెక్‌నమారా యొక్కడే. అతడు ఆనాడు పురుషుల రికార్డును బద్దలుకొట్టుటకు పోవుచున్నాడు! ఆమె అతని ప్రక్కకు వచ్చి, ఏమనవలెనో తోచక, జేబులోని అతిమధురపు మిఠాయి బిళ్ల నొకదానిని తీసి అతని చేతి కందించినది. అతడు పుచ్చుకొని కృతజ్ఞత తెలిపెను. ఆమె ముందునకు సాగిపోయినది. పండ్రెండు గంటలు పూర్తి యగునప్పటికి ఆమె పోయిన దూరము 277.25 మైళ్లు, అనగా 446 కిలోమీటర్లు. అతనిది 276.52 మైళ్లు. అది పురుషులలో కొత్త రికార్డు. ఆమెది దానికంటె ముక్కాలు మైలు ఎక్కువ.

సగటులు కట్టి చూడుడు. ఆమెది గంటకు 37.18 కిలోమీటర్లు, అతనిది 37.08. గంటకు నూఱు మీటర్ల తేడా. ఇంటినుండి వీథి చివర చెత్తకుండీ వఱకు పోయినంత. మనము సెల్‌ఫోనులో చూచు సగటులలో ఇట్టి తేడా కెట్టి విలువయు లేదు. ఒక్క ఎఱ్ఱదీపమువద్ద ఆగినచో ఎగిరిపోవును. కాని ఒకే బాటపై, ఒకే దినమున, పండ్రెండు గంటలు కొలిచి చూచినది గనుక ఆ నూఱు మీటర్లు చరిత్రలో నిలిచినవి. పురుషులలో 1969 వఱకు ఆ దూరమును మించినవారు లేరు. స్త్రీలలో ఏబది సంవత్సరములు, 2017 వఱకు, అది చెక్కుచెదరలేదు. "ఆడువారి కింతే సాధ్యము" అను మాటకు ఒక దశాంశస్థానముతో సమాధానము చెప్పిన స్త్రీ ఈమె. అందుచేతనే సగటు వేగమును నేను పూర్తిగా నిందింపలేను.

అయినను ఆ దేశముననే ఈ కొలతకు పట్టిన చీడయు కనబడును. సగటే సర్వస్వమైనచోట, మనిషి తన్ను బాగుచేసికొనుటకు మాఱు మంచి బాటకొఱకు వెదకును. ఇంగ్లాండులో పందెపు బాటలకు పేళ్లుండవు, అక్షరములును అంకెలును కలిపిన సంకేతములుండును. పూర్వము వీథులలో పందెములు జరిగిన పోలీసువారి కోపమునకు పాత్రులగుదుమని సైకిలు సంఘమువారే వానిని నిషేధించిరి. అప్పుడు కొందఱు వేకువజామున, ముదురురంగు దుస్తులు ధరించి, రహస్యముగా పందెములు నడపిరి. ఆ రహస్యపు గుఱుతే ఈ సంకేతములు. వానిలో కొన్ని "వేగపు బాటలు" అని ప్రసిద్ధి కెక్కినవి: నున్ననివి, మలుపులు తక్కువవి, మోటారుబండ్లు విరివిగా పోవునవి. పెద్ద బండి ఒరసికొని పోవునపుడు కొంత గాలిని తన వెంట లాగికొని పోవును. ఆ లాగుడులో సైకిలు కూడ తేలికగా పోవును. మంచి సగటుకొఱకు మనుష్యులు దేశపు ఆ కొననుండి ఈ కొనకు పోయి, లారీల మధ్య ప్రాణముల నొడ్డి తొక్కుదురు. ఇంటి ముందు నిర్మలమైన పల్లెబాట యుండగా దాని యంకె చిన్నదని విడిచిపెట్టుదురు. నాకిది చిత్రముగా తోచును.

ఒక్క గంటలో ఎవ రెక్కువ దూరము పోగలరని కొలుచు ప్రసిద్ధమైన రికార్డు చరిత్రయు ఇట్టిదే. 1893లో పారిసునగరమున ఆంరీ దెగ్రాంజ్ 35 కిలోమీటర్లు పోయెను. 1972లో బెల్జియము వీరుడు ఎడీ మెర్క్స్ 49.431 పోయెను, కాని దానికై మెక్సికో నగరమునకు పోయెను, ఏలయన ఆ యెత్తున గాలి పలుచనిది. తరువాతివారు చక్రములను మార్చిరి, చేతులు ముందునకు చాచిరి. 1996లో 56 దాటినది. 2000వ సంవత్సరమున అంతర్జాతీయ సంఘమువారు, ఇది మనుష్యుల పోటీయా, యంత్రముల పోటీయా యని తోచినదేమో, మెర్క్స్ నాటి సైకిలును పోలిన దానితో చేసిననే రికార్డని నిర్ణయించిరి. 2014లో మరల ఆ నియమమును సడలించిరి. స్త్రీలలో తొలిసారి 50 కిలోమీటర్లు దాటినది ఇటలీ దేశపు విత్తోరియా బుస్సీ, 2023లో. ఆమెయు మెక్సికోలోని యెత్తయిన నగరమునకే పోయినది. ఆమె గణితశాస్త్రమున పట్టభద్రురాలై ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసిన విదుషి యని చదివినపుడు నాకు లీలావతి జ్ఞాపకము వచ్చినది.

గణితజ్ఞురాలు మఱియొకతె కలదు. ఈమె కథ సగటును తలక్రిందులు చేయును. 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్త్రీల రోడ్డు పందెము 137 కిలోమీటర్లు. ఆస్ట్రియా దేశస్థురాలు ఆనా కీజెన్‌హోఫర్, గణితమున డాక్టరు పట్టము పొందినది, జీతమిచ్చు జట్టు ఏదియు లేనిది, పందెము మొదలయిన క్షణముననే మఱి కొందఱితో ముందునకు పరుగెత్తినది. గొప్ప జట్లవారు ఆమె నెఱుగరు, పోనిండని విడిచిరి. ఎడము పది నిమిషములు దాటినది. చివర నలువది కిలోమీటర్లు ఆమె ఒంటరిగా తొక్కినది. వెనుకవారి చెవులకు రేడియో వార్తలు లేవు. రెండవస్థానమున వచ్చిన డచ్చి వీరురాలు తానే గెలిచితినని చేతులెత్తి సంతోషించిన పిమ్మట అసలు సంగతి తెలిసికొనెను. ఇద్దఱి నడుమ తేడా 75 సెకండ్లు. సగటులలో తేడా గంటకు రెండువందల మీటర్లకు లోపు. ఆ సగటు ఏమి తెలుపుచున్నది? ఏకాంతముగా గాలి నెదిరించినవారెవరో, గుంపు చాటున శక్తి దాచుకొన్నవారెవరో తెలుపుటలేదు. ఎప్పుడు పరుగెత్తవలెనో యెఱిగిన బుద్ధిని అసలే తెలుపుటలేదు. గుంపు పందెములలో తఱచు మొదటివాడును నలువదవవాడును ఒకే సగటుతో గీటు దాటుదురు. ఫ్రాన్సు దేశము చుట్టు జరుగు మహాపందెమున 1903లో విజేత సగటు 25.7, 2022లో సుమారు 42. నడుమ బాటలు మారినవి, సైకిళ్లు మారినవి, ఒక్కొక్క దినమున పోవలసిన దూరము తగ్గినది. 2005లో 41 దాటి వచ్చిన విజేత మందులు పుచ్చుకొన్నట్లు తేలి, 2012లో అతని పేరు కొట్టివేసిరి. ఆ సగటును చూచి మందును కనిపెట్టుట ఎవరి తరము?

సగటు గడువుగా మారినపుడు ఎంత నిర్దయమగునో తెలిసికొనుటకు ఇటలీ దేశమునకు పోవుదము. 1924లో జరిగిన ఆ దేశపు మహాపందెమున అల్ఫోన్సీనా స్ట్రాడా యను స్త్రీ పురుషులతో పాటు పాల్గొన్నది. మొత్తము 3,613 కిలోమీటర్లు. లాక్విలానుండి పెరూజియాకు పోవు దినమున గాలివాన కురిసినది. బాటలు బురదలైనవి, ఆమె పడిపోయినది, హ్యాండిలు విఱిగినది. ఒక చీపురుకఱ్ఱను దానికి కట్టి, మరల తొక్కుకొనుచు పెరూజియా చేరినది. కాని గడువు దాటినది. సగటును బట్టి కట్టిన గడువు గనుక, దానిలో గాలివానకు గాని చీపురుకఱ్ఱకు గాని చోటు లేదు. ఆమె పందెమునుండి తొలగింపబడినది. అయినను ఆమెను లెక్కలో చేర్చకయే ముందునకు సాగనిచ్చిరి. బయలుదేరిన 90 మందిలో 30 మందియే తుదముట్టిరి. ఆమెయు మిలాను నగరము చేరినది. ఫలితముల పట్టికలో ఆమె పేరు లేదు. నూఱు సంవత్సరముల పిమ్మట ఆ ముప్పదిమందిలో ఎందఱి పేళ్లు జనులకు తెలియునో గాని, ఈమె పేరు మాత్రము నేటికిని పుస్తకములలో వ్రాయుచున్నారు.

ఇక మన యిండ్లకు తిరిగి వత్తము. సగటు వేగమును బొత్తిగా చూడకుండుడని నేను చెప్పను. దానిని ఇతరులతో పోల్చుకొనుటకు కాక, మీ పాత యంకెతో పోల్చుకొనుటకు వాడుడు. నెలకొక మాఱు, ఒకే బాటపై, ఒకే వేళకు, గాలి తక్కువగా నుండు ఉదయమున, ఒంటరిగా తొక్కి కాలము వ్రాసికొనుడు. ఇంగ్లాండువారి పందెపు నియమములు ఇంటిమట్టున ఇవియే. మూడు నాలుగు నెలలలో అంకె పెరిగిన, అది మీ కాళ్లదే, గాలిది కాదు. తఱిగినను విలువైన వార్తయే. అలవాటైన బాటపై కొన్ని వారములుగా సగటు పడిపోవుచు, మెట్లెక్కిన ఆయాసము వచ్చుచున్నచో, బద్ధకమని తిట్టుకొనకుడు, రక్తపరీక్ష చేయించుకొనుడు. 2019 నుండి 2021 వఱకు దేశమంతట జరిగిన కుటుంబారోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. ఇందఱిలో ఎందఱు తమ యలసటను తమ తప్పుగా ఎంచుకొనుచున్నారో!

మా వీథి గృహిణికి మాత్రము ఈ యంకెయే అక్కఱలేదని నేను చెప్పితిని. ప్రపంచారోగ్యసంస్థవారు 2020లో పెద్దవారికి చేసిన సూచనలో వేగము మాటయే లేదు. వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు మితమైన వ్యాయామము కావలెనని యున్నది. మాటలాడగలిగి పాటపాడలేనంత ఊపిరి యాడిన అది మితమైన శ్రమ. ముప్పావుగంట చొప్పున వారమునకు ఐదు దినములు తొక్కిన 225 నిమిషములు. 13 కిలోమీటర్ల సగటుతో ఆమె ఆ కొలతలో నిండుగా ఉత్తీర్ణురాలైనట్లే. పరిహాసమాడినవారు వారమునకు ఒక్కసారి ఆదివారమున మాత్రమే తొక్కుదురని తరువాత తెలిసినది!

శ్రమనే నేరుగా కొలుచు సాధనములును వచ్చినవి. 1980లలో జర్మనీ దేశపు ఇంజనీరు ఉల్రిక్ షోబెరర్ పెడలుపై త్రొక్కు శక్తిని వాట్లలో చూపు యంత్రమును కల్పించెను. గాలి వీచినను, కొండ యెదురైనను అది మన శ్రమనే చూపును. పందెములకు పోవువారికి అది యక్కఱకు వచ్చును. ధర చూచినచో గృహస్థులకు భారము. మన వంటయింటి మిక్సీ 500 వాట్లు లాగును. సాధారణ స్త్రీ నూఱు వాట్లతో గంటసేపు తొక్కిన మెచ్చుకొనవలెను.

దూరపు సవారుల యందు మనసున్నవారికి మఱియొక మార్గము కలదు. హైదరాబాదు మొదలగు నగరములలో "బ్రెవే" యను పేర సవారులు నడుపుచున్నారు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగింపవలయును. ఆగుట, అన్నము తినుట, పంచరు వేయుట అన్నియు ఆ కాలములోనే. గంటకు 15కు లోపు సగటు చాలును. మొదటివారు, చివరివారు అని బహుమతులు లేవు. పారిసునుండి బ్రెస్టు పోయి తిరిగి వచ్చు 1,200 కిలోమీటర్ల ప్రసిద్ధ సవారికి 90 గంటల గడువు; సగటు 13.3, ఇంచుమించు మా వీథి గృహిణి సగటే! ఒకే యంకె, ఒకటి ముప్పావుగంటలో, మఱియొకటి తొంబది గంటలలో.

కన్యలున్న తల్లులకు ఒక్క మాట. అంకె పడిపోవునను భయమున పిల్లలు ఎఱ్ఱదీపమువద్ద ఆగకుండుట, బడి ముందు మెల్లగా పోకుండుట, దిగుడులో బ్రేకు వేయకుండుట నేను వినుచున్నాను. చాల ఫోనులలో చక్రము నిలిచినప్పుడు లెక్కయు నిలుచునట్లు అమర్చుకొను సౌకర్యము కలదు. దానిని మీరే అమర్చి యీయుడు. అప్పుడు ఆగినందుకు శిక్ష యుండదు. అంతకంటె, ఒక చిన్న నోటుపుస్తకము కొనియిచ్చి, సగటు వేగము ప్రక్కన గాలి యెటు వీచినది, ఎంత యెత్తెక్కినది, ఒంటరిగా పోయినదా, తోడున్నదా, రాత్రి నిద్ర యెట్లున్నది యని నాలుగు గళ్లు గీయించుడు. మా మేనకోడలి పుస్తకములో మొన్నటి ఆదివారము ఎదుట ఇట్లున్నది: "18. నైరృతి గాలి. తిరుగు దారిలో ఒక పాపకు చైను వేసితిని."